ఆ రాతిమీద ఉన్నది రాయి కాదు!



సెలవు దినాన మన కుటుంబములు కళింగపట్నమో, బారువో, చింతపల్లో, భీమునిపట్నమో వెళ్ళినప్పుడు పెద్దలు ఇసుకలో చతికిలబడతారు. పిల్లలు మాత్రము రాళ్ళ దగ్గరికే పరుగెత్తుతారు. కాసేపటికి ఎవడో ఒకడు తడిసిన చొక్కాతో ఒక రాయి మోసుకొని వచ్చి, “అయ్యగారండీ, దీనిమీద ఏదో ఉందండి, ఇదేటండి?” అని అడుగుతాడు. సాధారణముగా మన జవాబు ఏమిటి? “ఏదో నాచురా, పారేయ్” అంటాము. పిల్లవాడు పారేస్తాడు. ప్రశ్న అక్కడితో చచ్చిపోతుంది.

కాని ఆ ప్రశ్న చిన్నది కాదు. ఆ రాతిమీద ఉన్నదేమిటో తెలియక ఒళ్ళు మండించుకున్నవారు ఉన్నారు. ఆస్పత్రి పాలైనవారు ఉన్నారు. ఒక ఓడరేవు ఆ సంగతి సకాలములో తెలుసుకొని బాగుపడినది. మరొక ఓడరేవులో అది శాశ్వతముగా తిష్ఠ వేసినది. ఆ రెండవది మన విశాఖపట్నమే. అందుచేత ఈ నెల ఈ సంగతిని కొంచెము నిదానముగా ఆలోచిద్దాము.

జీవమున్న రాయి

పట్టణములలో కొందరు ఇళ్ళలో గాజు తొట్లలో సముద్రపు నీరు పోసి, పగడములను, రంగురంగుల చేపలను పెంచుతారు. ఆ తొట్లలో పెట్టే రాళ్ళకు వారు “లైవ్ రాక్”, అంటే జీవమున్న రాయి అని పేరు పెట్టారు. నిజానికి రాయికి ప్రాణము లేదు. అది చాలామట్టుకు చచ్చిన పగడపు గూడు. దాని రంధ్రములలో మాత్రము కంటికి కనబడని సూక్ష్మజీవులు లక్షలాదిగా కాపురముంటాయి. చేపల మలినమునుండి పుట్టే అమ్మోనియా చేపలకు విషము. రాతి పైభాగమున ఉన్న సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగాను, ఆపైన నైట్రేటుగాను మారుస్తాయి. గాలి సరిగా అందని లోపలి రంధ్రములలో ఉన్నవి ఆ నైట్రేటును నైట్రోజను వాయువుగా మార్చి బయటకు పంపేస్తాయి. జీతము అడగని పాకీపనివారు అవి. ఇండొనేషియాకు చెందిన లీ చిన్ ఎంగ్ అనే ఆయన ఈ పద్ధతిని గూర్చి 1961లో వ్రాసి లోకమునకు తెలియజేశాడు.

అయితే ఆ రాతితోపాటు పిలవని చుట్టములు కూడా వస్తారు. కొన్ని వారములు గడిచాక ఒక రంధ్రములోనుండి ఈకవంటిది తొంగిచూస్తుంది. మరొక మూల జిగురు ముద్ద ఒకటి ఊరుతుంది. రాత్రివేళ ఎవరో చిటిక వేసినట్లు చప్పుడు వినిపిస్తుంది. ఇంటివారు తల పట్టుకొని, ఇది మంచిదా చెడ్డదా, ఉంచాలా తీసేయాలా అని కూర్చుంటారు.

మన తీరమున పెద్ద పగడపు దిబ్బలు లేవు. వంశధార, నాగావళి, గోదావరి వంటి నదులు తెచ్చే ఒండ్రుతో మన నీరు మసకబారుతుంది. దిబ్బలు కట్టే పగడములకు తేట నీరు కావాలి. మన దేశములో అట్టి దిబ్బలు అండమాన్ నికోబార్, లక్షద్వీపములు, మన్నారు సింధుశాఖ, కచ్ సింధుశాఖలలో ఉన్నవి. అయినా మన రాళ్ళమీద, జెట్టీ స్తంభములమీద, పడవల అడుగున ఆ తొట్టిలోని చుట్టముల బంధువులే పెరుగుతున్నారు. పిల్లవాడి ప్రశ్న, తొట్టి యజమాని ప్రశ్న ఒక్కటే.

ముందు చూపు, తరువాత పేరు

పేరు వెదకుటకు ముందు ఈ అయిదు ప్రశ్నలు వేసుకోండి.

మొదటిది, అది ఎక్కడ ఉన్నది? పోటు వచ్చినప్పుడు మాత్రమే తడిసే పైరాతి మీదనా, ఎప్పుడూ నీటిలో మునిగి ఉండే క్రింది రాతి మీదనా? రెండవది, గట్టిదా, మెత్తనిదా? మూడవది, నీడ పడితే, నీరు కదిలితే ముడుచుకొంటుందా? నాలుగవది, ఒంటరిదా, గుంపుగా ఒకదానికొకటి అతుక్కొని ఉన్నదా? అయిదవది, దానికి ఎన్ని రంధ్రములు, ఎన్ని చిప్పలు?

ఈ అయిదింటికి జవాబు దొరికితే సగము చిక్కు విడిపోయినట్లే. తెల్లని చిన్న గోపురము వలె గట్టిగా ఉండి, కొనమీద మూత ఉంటే అది బార్నకిల్. పడవ అడుగున గోకలేక మన జాలరి సోదరులు విసిగిపోయేది దీనితోనే. రెండు చిప్పలలో ఒకటి రాతికి సిమెంటు వేసినట్లు అతుక్కొని ఉంటే రాతి ఆల్చిప్ప. చిప్పలు రెండూ విడిగా ఉండి, దారపు పోగులతో రాతిని పట్టుకొని ఉంటే మస్సెల్ అనే మరొక జాతి. నీటిలో పువ్వు వలె విచ్చుకొని, నీరు తీయగానే జిగురు ముద్దగా మారేది సీ ఎనిమోన్, అంటే సముద్రపు పువ్వు. పేరుకు పువ్వే గాని అది మాంసము తినే జంతువు. దాని రేకులలో కుట్టే కణములు ఉన్నవి. ఒళ్ళంతా చిల్లులు ఉండి కదలనిది స్పంజి. సున్నపు గొట్టములో కూర్చొని ఈకల కిరీటమును బయటకు చాపేది గొట్టపు పురుగు. రెండు రంధ్రముల తిత్తి వలె ఉండి, నొక్కితే నీరు చిమ్మేది సీ స్క్వర్ట్. తోలు సంచులవంటి చిన్న గుత్తులు కనబడితే అవి మొక్కలు కావు, చాలాసార్లు నత్తల గ్రుడ్ల తిత్తులే. గులాబి రంగు సున్నము పూసినట్లున్నది మాత్రము నిజముగా నాచుజాతికి చెందినదే.

బాల్యము చెప్పిన సాక్ష్యము

పైరూపము చూచి తీర్పు చెప్పుట ఎంత పొరపాటో బార్నకిల్ కథ చెబుతుంది. దాని చిప్పలు చూచి పండితులు ఎంతోకాలము దానిని నత్తలు, ఆల్చిప్పల కుటుంబములో చేర్చారు. ఐర్లండులోని కార్క్ పట్టణములో ఉన్న జాన్ వాన్ థామ్సన్ అనే సైనిక వైద్యుడు దాని పిల్లలను పట్టి చూశాడు. అవి నీటిలో కాళ్ళాడిస్తూ ఈదుచున్నవి, అచ్చముగా రొయ్యపిల్లల తీరు! కొంతకాలము తిరిగాక తలతో రాతికి అంటుకొని, చుట్టూ గోడలు కట్టుకొని, మిగిలిన బ్రతుకంతా కాళ్ళతో మేత లాక్కుంటాయి. 1830లో ఆయన ఈ సంగతి ప్రచురించిన తరువాత బార్నకిల్ రొయ్యల, పీతల బంధువు అని తేలినది. చార్లెస్ డార్విన్ 1846 మొదలు 1854 వరకు ఎనిమిదేండ్లు ఈ ఒక్క ప్రాణి కుటుంబమును పరిశీలిస్తూ గడిపాడు.

సీ స్క్వర్ట్ సంగతి కూడా అంతే. పెద్దదానిని చూస్తే వట్టి తిత్తి. దాని పిల్లకు కప్పపిల్లకున్నట్లు తోక ఉన్నది. ఆ తోకలో వెన్నెముకకు మూలమైన కడ్డీ ఉన్నదని 1866లో రష్యా శాస్త్రజ్ఞుడు అలెగ్జాండర్ కొవలెవ్‌స్కీ చూపించాడు. స్పంజి ప్రక్కన కూర్చున్న ఆ తిత్తి నిజానికి చేపలకు దగ్గరి బంధువు. కూర్చున్న చోటును బట్టి కులము చెప్పరాదు గదా!

విశాఖ రేవులో వచ్చిన కొత్త చిప్ప

ఇక మన ఇంటి సంగతి. 1967లో విశాఖపట్నము రేవులో ఒక కొత్త చిప్ప కనబడినది. చూపుడు వ్రేలి కొన అంత పరిమాణము. స్తంభములమీద, పడవలమీద, దుంగలమీద గుత్తులు గుత్తులుగా పట్టినది. ఆంధ్ర విశ్వవిద్యాలయములో సముద్ర జీవులను పరిశోధిస్తున్న పి.ఎన్.గణపతి, తమతో పనిచేసిన లక్ష్మణరావు, వర్ఘీస్ గార్లతో కలిసి దీనిని పరిశీలించి 1971లో ‘కరెంట్ సైన్స్’ పత్రికలో ప్రకటించారు. ఆనాడు వారు వాడిన పేరు కాంజీరియా సాలై. ఇప్పటి పేరు మైటిలాప్సిస్ సాలై. దాని పుట్టిల్లు కరీబియన్ సముద్రము, మధ్య అమెరికా తీరము. ఓడల అడుగున అంటుకొని ఇంత దూరము వచ్చినదని భావిస్తారు. ఉప్పు నీటినీ, చప్పని నీటినీ, మురికినీ ఓర్చుకొనే మొండి ప్రాణి. గుర్తుపట్టేనాటికే రేవులో స్థిరపడిపోయినది.

ఇదే చిప్ప 1999లో ఆస్ట్రేలియాలోని డార్విన్ పట్టణపు పడవ రేవులలో కనబడినది. అక్కడివారు వెంటనే గుర్తుపట్టారు. మూడు రేవుల తలుపులు మూసి, నీటిలో క్లోరిన్, మైలుతుత్తము పోసి చంపారు. ఆ నీటిలోని ఇతర ప్రాణులు కూడా చచ్చినవి. అది తేలికైన నిర్ణయము కాదు. కాని ఆ చిప్ప బయటి సముద్రములోనికి పోకుండా ఆగినది. అక్కడ పనికివచ్చినది మందు ఒక్కటే కాదు, తొలిదినములలోనే గుర్తుపట్టిన కన్ను.

పడవ అడుగున, వలల తాళ్ళమీద మునుపెన్నడూ చూడని చిప్పను మొదట చూసేది పండితుడు కాదు, మన గంగపుత్రుడే. “ఇది మన చిప్ప కాదురా” అని ఆయన అన్న మాటను ఎవరైనా వ్రాసి పెడితే అది లోకమునకు అక్కరకు వస్తుంది.

నాచు అనుకొన్నది నాచు కాదు

హవాయి దీవులలోని మౌయిలో, హానా అనే చోట ఒక నీటిగుంటలో పెరిగేదానిని అక్కడివారు ప్రాణము తీసే నాచు అని పిలిచేవారు. రసాయన శాస్త్రజ్ఞులు మూర్, షోయర్ అనేవారు దానిని పరీక్షించి, 1971లో అందులోని పాలిటాక్సిన్ అనే ఘోరమైన విషమును ప్రకటించారు. అది నాచు కాదు, జొయాంథిడ్ అనే జంతువు. గుండీలు ప్రక్కప్రక్కన కుట్టినట్లు చాపలా పరచుకొని పెరుగుతుంది. ఈ జాతిలో అన్నిటికీ ఆ విషము ఉండదు. ఉన్నదో లేదో కంటితో చెప్పలేము. ఇంటి తొట్టిలోని రాతిని శుభ్రము చేయబోయి దానిని వేడినీటిలో మరిగించి, ఆ ఆవిరి పీల్చి కుటుంబమంతా ఆస్పత్రి పాలైన సంఘటనలు విదేశములలో జరిగినవి.

తెలియనిదానిని చిదిమితే మరొక నష్టము కూడా ఉన్నది. తొట్లలో పెరిగే ఐప్టేసియా అనే చిన్న సముద్రపు పువ్వును గోకి తీసేస్తే రాతికి మిగిలిన చిన్న తునక మళ్ళీ పూర్తి ప్రాణి అవుతుంది. ఒకటి తీయబోతే పది మొలుస్తాయి.

సముద్రపు రాళ్ళను ప్రేమించిన బోధకుడు

ఈ విషయములో మన సంఘములు తెలుసుకోదగిన ఒక మనుష్యుడు ఉన్నాడు. ఆయన పేరు ఫిలిప్ హెన్రీ గాస్ (1810–1888). ఇంగ్లండులోని డెవన్ తీరమున నివసించిన బ్రదరెన్ సంఘస్థుడు, తన గ్రామములోని సంఘమునకు వాక్యము బోధించినవాడు. గోదావరి డెల్టాలో సేవ చేసిన విలియం బౌడెన్, జార్జి బీర్ గార్లు 1836లో బయలుదేరినది కూడా ఆ డెవన్ సీమనుండే. గాస్ గారు రాళ్ళ గుంటలలో ప్రాణులను బోర్లా పడుకొని చూచి, బొమ్మలు గీచి, పేర్లు వ్రాశాడు. 1854లో ఆయన వ్రాసిన పుస్తకముతో అక్వేరియము అనే మాట ఇంటింటి మాట అయినది. సృష్టిని చూచుట ఆయనకు ఆరాధనలో భాగము.

అయితే దాని ఫలితము విచారకరము. ఆ పుస్తకములు చదివిన జనము బుట్టలతో, సుత్తులతో ఆ తీరము మీద పడ్డారు. కొన్నేండ్లలో ఆ అందమైన గుంటలు వట్టిపోయినవి. తన పుస్తకములే దీనికి కారణమైనవని తండ్రి ఎంతో బాధపడినట్లు కుమారుడు ఎడ్మండ్ 1907లో వ్రాశాడు. చూడమని పిలిస్తే జనము తీసుకొని పోయారు.

మన కుటుంబములు చేయదగినవి

రాతిని దాని చోటనే చూడండి. అమావాస్య, పౌర్ణమి దినములలో నీరు బాగా వెనుకకు పోతుంది, అప్పుడు ఎక్కువ కనబడతాయి. కాని అలలకు వీపు పెట్టి వంగవద్దు. త్రిప్పి చూచిన రాతిని మళ్ళీ అదే ప్రక్కగా పెట్టండి, దాని క్రింద కాపురములు ఉన్నవి. సెల్‌ఫోనుతో ఫోటో తీసేటప్పుడు ప్రక్కన రూపాయి బిళ్ళ ఉంచితే పరిమాణము తెలుస్తుంది. తేదీ, ఊరు, రాతి ఎత్తు ఒక నోటుపుస్తకములో వ్రాయండి. పేరు తెలియకపోతే “గట్టిది, తెల్లనిది, గుంపుగా ఉన్నది” అని ఉన్నది ఉన్నట్లు వ్రాయండి. తప్పు పేరుకంటె సరియైన వర్ణన మేలు. సండే స్కూలు ఉపాధ్యాయులు ఏటా ఒకసారి పిల్లలచేత అదే రాతిని చూపించి వ్రాయిస్తే, పదేండ్లలో ఆ తీరమునకు ఒక చరిత్ర తయారవుతుంది.

చేతితో ముట్టవద్దు. శంకువు ఆకారములో, వలవంటి చారలతో అందముగా ఉండే కోన్ నత్త విషపు ముల్లు విసురుతుంది. దాని జాతిలో కొన్ని మనుష్యులను చంపగలవు. అది కుట్టితే ఆ కాలును, చేతిని కదలనీయక వెంటనే ఆస్పత్రికి తీసుకొనిపోవాలి. బార్నకిల్ గీసుకుంటే సబ్బునీటితో బాగా కడగాలి, ఎర్రబడి వాస్తే డాక్టరుకు చూపించాలి.

పగడమును కొనవద్దు, తేవద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి పట్టికలో 2001లో పగడములను చేర్చారు. చచ్చిన పగడపు కొమ్మను షోకేసులో పెట్టినా నేరమే. తొట్టి పెట్టుకొన్న యౌవనస్థులు అందులోని నీటినిగాని, రాతినిగాని కాలువలో, సముద్రములో పారబోయవద్దు. విశాఖ రేవులోని చిప్ప నేర్పిన పాఠము అదే.

ఆదాము ఎదుటికి జంతువులు వచ్చినప్పుడు ఆయన వాటిని చూచి పేరు పెట్టాడు. పేరు పెట్టుటకు ముందు చూడవలసి వచ్చినది. ఈసారి మీ బిడ్డ రాతిమీద వ్రేలు చూపించి అడిగినప్పుడు, జవాబు తెలియకపోయినా ఫరవాలేదు. వాని ప్రక్కన వంగి, “ఏదీ, కలిసి చూద్దాము” అనండి.