ఇంటి పనులనడుమ అయిదు వేళల నమాజు

కాలువ యొడ్డున కాపురముండు స్త్రీలకు నీటి విలువ వేఱుగా చెప్పనక్కఱలేదు. ఏలూరు కాలువ, రైవసు కాలువ, బందరు కాలువ, ఈ మూడును కృష్ణనీటిని గొని విజయవాడ నగరము నడుమనుండియే సాగిపోవును. ఈ ప్రాంతపు ముస్లిము గృహములవారికి ముహమ్మదు ప్రవక్తగారు చెప్పిన యొక యుపమానము ఇట్టే బోధపడును. ఇంటి వాకిట ఏఱు పాఱుచుండగా దినమున కయిదు మాఱు లందు స్నానమాడువాని యొంటిపై మురికి నిలుచునా యని వారు తోడివారి నడిగిరట. నిలువదని అందఱును చెప్పగా, అయిదు వేళల నమాజును అట్టిదే యనిరి. నేటి కాలువనీటిలో స్నానమాడుట మంచిదా కాదా యన్నది వేఱు ప్రసంగము.

అయితే ఏటిలో మునుగుటయు, గట్టున నిలిచి పాదము తడుపుకొని వచ్చుటయు ఒకటి కావు. ఈ భేదము నాకు మా నాయనమ్మ వలన తెలిసినది.

ఆమెది బందరు కాలువ క్రింది పల్లె. పుట్టినది నూర్‌బాషా కుటుంబమున. పూర్వము దూదేకులవారనుట వాడుక. మా యింటి భాష తెనుగే. ఆమె చిన్ననాట పొరుగింటి వృద్ధురాలి నోట విని అరబ్బీ పాఠములను కంఠస్థము చేసెను. డెబ్బది యేండ్లు వచ్చువఱకు వానిని ఒక్కపూటయు విడువక చదివినది గాని, అర్థమేమని ఎవరును చెప్పలేదు, ఆమెయు నడుగలేదు. పొయ్యిమీది అన్నము ఉడుకులోపల నాలుగు రకాతులును ముగించి లేచుట ఆమెకు గొప్ప. ఆ వడి చూచి మేమందఱము మెచ్చుకొనెడివారము.

ఒకనాటి పగలు నేను తెనుగు పుస్తకమొకటి చేతబట్టి, ఫాతిహా సూరాకు అర్థము చదివి వినిపించితిని. దేవుని స్తుతించి, సరియైన త్రోవ చూపుమని వేడుకొనుట అందలి సారము. ప్రతి రకాతునందును దానిని చదువవలయును. ఫజరు 2, జొహరు 4, అసరు 4, మగ్రిబు 3, ఇషా 4. దినమునకు విధిగా చేయవలసిన రకాతులు ఇవి 17. నాయనమ్మ కొంతసేపు మాటాడలేదు. “ఇంతకాలమును నే నడుగుచునే యుంటినా?” యని మాత్రమనెను. ఆ సాయంకాలము మా యింట అన్నము మాడినది. మఱునాటినుండి మా అమ్మ పొయ్యి కనిపెట్టుకొని యుండెడిది.

ఖురానును మొట్టమొదట తెనుగున కనువదించినవారు చిలుకూరి నారాయణరావు పంతులుగారు, హిందువులు. తరువాత ముస్లిము పండితులు చేసిన యనువాదములును వచ్చినవి. నమాజులోని పఠనము అరబ్బీలోనే జరుగును. అర్థమెఱుగుటకు మాత్రము మాతృభాషను మించిన సాధనము లేదు. ఉరుదూ రాదని మన పిల్లలను చిన్నబుచ్చుట నాకు సరిపడదు.

ఇక విధి సంగతి. వుజూలో ముఖము కడుగుట, మోచేతులవఱకు చేతులు కడుగుట, తడిచేతితో తల తుడుచుట, చీలమండలవఱకు పాదములు కడుగుట తప్పనిసరి. నోరు పుక్కిలించుట, ముక్కు శుభ్రపఱచుకొనుట ప్రవక్తగారి యాచారము. పాఱు నదియొడ్డున నున్నను నీరు వృథా చేయరాదని వారు హెచ్చరించిరి. కొళాయి విప్పి మాటలాడుచు కాళ్లు కడుగువారు ఈ మాట గుర్తుంచుకొందురు గాక. నీరు దొరకనప్పుడు గాని, రోగమువలన నీరు తగులరానప్పుడు గాని శుభ్రమైన మట్టితో తయమ్ముం చేయవచ్చును. నిలువలేనివారు కూర్చుండియు, కూర్చుండలేనివారు పండుకొనియు నమాజు చేయవచ్చును. నెలసరి దినములయందును పురుటి దినములయందును స్త్రీలకు నమాజు లేదు. వానిని తరువాత తీర్చనక్కఱయు లేదు.

వేళను గూర్చి ఒక చిన్న పొరబాటు కలదు. గడియారము పన్నెండు కొట్టగానే జొహరు వేళయైనదని కొందఱు తలంతురు. సూర్యుడు నడిమిన్ను దాటినగాని అది రాదు. విజయవాడలో ఫిబ్రవరి నడుమ ఇది 12.20 దాటిన పిమ్మట జరుగును. నవంబరు మొదట పన్నెండు కాకమునుపే యగును. మన పెద్దలకు పెరటి స్తంభపు నీడయే గడియారము. మే మొదటను, మరల ఆగస్టు మొదటను ఆ నీడయు మధ్యాహ్నవేళ కొన్నినాళ్లు స్తంభము మొదటనే యడగిపోవును! దిక్కు సంగతియు నట్టిదే. మక్కా మనకు సరిగా పడమర కాదు. ఇంచుమించు 14 డిగ్రీలు ఉత్తరమునకు ఒరిగి యున్నది. దూరదేశపువారు ఆ వైపునకు తిరిగిన చాలునని పండితులు చెప్పుదురు గనుక దీనికై కలతపడ పనిలేదు.

కలతపడవలసినది తొందరను గూర్చి. ఒకడు మసీదులో గబగబ నమాజు ముగించి వచ్చి సలాము చేయగా, నీవు నమాజు చేయలేదు, మరల చేయుమని ప్రవక్తగారు మూడు మాఱులు పంపివేసిరట. రుకూలో నడుము వంచి నిలుకడ చెందవలయును. లేచి నిటారుగా నిలువవలయును. సజ్దాలో నుదురు, ముక్కు, అఱచేతులు, మోకాళ్లు, కాలివ్రేళ్లు నేల నాని ఒక క్షణము శాంతించవలయును. కోడి గింజలేరినట్లు తలవంచి లేచుట పనికిరాదు.

ఇది విని పసిబిడ్డల తల్లులు దిగులుపడనక్కఱలేదు. వెనుక వరుసనుండి బిడ్డ యేడ్పు వినవచ్చినచో, తల్లి మనసు నొచ్చునని ఆ ప్రవక్తగారే నమాజును కుదించెడివారు. తమ మనుమరాలు ఉమామాను భుజముపై నెత్తుకొనియే నమాజు చేసి, సజ్దావేళ క్రింద దింపెడివారు. నిలుకడ వేఱు, నిడివి వేఱు.

మన బందరు కలంకారీ అద్దకపువారు మిహ్రాబు కమాను, పూలతీగెలు అద్దిన జానమాజు గుడ్డలను పూర్వము పారశీక దేశమునకు పంపెడివారు. అవి కన్నుల పండువగా నుండును. కాని ఒకప్పుడు తమ దుప్పటిమీది చిత్రములవైపు దృష్టి పోయినదని ప్రవక్తగారు దానిని తీసి పంపివేసి, సాదా దుప్పటి తెప్పించుకొనిరి. మా నాయనమ్మ జానమాజు ఉతికి ఉతికి రంగు వెలిసిన పాత పంచె.

ఖురానులో మాఊన్ అను చిన్న సూరా కలదు. నమాజు చేయుచునే దానియెడ పరాకుగా నుండువారిని, నలుగురు చూడవలెనని చేయువారిని, ఇరుగుపొరుగున కీయదగిన చిన్న వస్తువులను గూడ ఈయనివారిని అది ఒక్కచోటనే నిందించును. ఆ చిన్న వస్తువులు ఏవనగా కుండ, చేద, గొడ్డలి వంటివని వ్యాఖ్యాతలు చెప్పిరి. దీని యర్థమును గూడ నాయనమ్మకు చదివి వినిపించితిని.

మా వీధిలో దీపాలు పెట్టిన పిమ్మట ఉప్పుగాని పెరుగుగాని బయటికీయరు. ఎదురింటి కోడలు పాలు తోడువేయుటకు పెరుగు మఱచిపోయి, సరిగా మగ్రిబు అజాను వినవచ్చువేళకు గిన్నెతో వచ్చెడిది. మునుపు నాయనమ్మ ఆమెను తలుపుకడ నిలిపి నమాజునకు పోయెడిది. ఆ సూరా విన్న తరువాత, వుజూకు లేచుటకు ముందే చెంచాడు పెరుగు చిన్న గిన్నెలో వేసి, మూతపెట్టి, వాకిటి గూటిలో నుంచుట మొదలుపెట్టెను. ఆ పిల్ల వచ్చి తీసికొనిపోయెడిది. లోపల నాయనమ్మ సజ్దాలో నుండెడిది.