సాలీళ్లను లెక్కపెట్టిన శాస్త్రజ్ఞుడు

మీ ఊళ్లో వరి పండుతుందా? అయితే దోమపోటు అన్న మాట మీరు వినే ఉంటారు. నిన్నటిదాకా పచ్చగా ఉన్న చేలో అక్కడక్కడ సుడి తిరిగినట్లు పైరు పసుపుబారి ఎండిపోతుంది. వెన్ను పాలుపోసుకొనే వేళ ఇలా జరిగితే ఆ రైతు ఇంట్లో ఎవరికీ ముద్ద దిగదు. ఇది సుడిదోమ పని. పేరుకు దోమే గాని, మనల్ని కుట్టే దోమతో దీనికి చుట్టరికం లేదు. బియ్యపు గింజంత కూడా ఉండని ఈ పురుగు దుబ్బు మొదట్లో, నీటికి కాస్త పైన గుంపుగా చేరి రసం పీలుస్తుంది.

1973లో ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ దీన్ని తట్టుకొనే ఐ.ఆర్. 26 రకాన్ని విడుదల చేసింది. కొద్ది సంవత్సరాలకే ఆ రకాన్నీ పీల్చగల దోమలు తయారయ్యాయి. రైతులు పురుగుమందులు చల్లారు. చాలాచోట్ల మందు చల్లిన చేలలోనే దోమ ఎక్కువయింది! చిత్రంగా లేదూ?

ఈ చిక్కు విప్పుదామని 1970ల చివర్లో పీటర్ కెన్‌మోర్ అనే అమెరికన్ కీటకశాస్త్రజ్ఞుడు అక్కడి వరి మళ్లలోకి దిగాడు. ఆయన చేసిన పని వింటే ఇంతేనా అంటారు. లెక్కపెట్టాడు! మందు చల్లిన మళ్లలోను, చల్లని మళ్లలోను దోమలెన్ని, వాటిని తినే జీవులెన్ని అని పదేపదే లెక్కించాడు. బురదలో వంగి వంగి చేసే పని అది. మా తరగతిలో పది చిక్కుడు గింజలు తూచమంటేనే నడుము నొప్పి అంటారు పిల్లలు!

లెక్కల్లో సంగతి బయటపడింది. మందు చల్లని మడిలో సాలీళ్లు, దోమ గుడ్లను పీల్చే మిరిడ్ నల్లులు కాపలా ఉన్నాయి. (సాలీడు కీటకం కాదు, ఎనిమిది కాళ్లుంటాయని మరచిపోకండి.) గూడు కట్టకుండా పరుగెత్తి వేటాడే తోడేలు సాలీడు రోజుకు ఐదు నుంచి పదిహేను పురుగులను తినగలదు. మందు పడితే ముందు చచ్చేవి ఇవే. సుడిదోమ గుడ్లు మాత్రం ఆకు తొడిమ కండలో భద్రంగా ఉంటాయి. వాటిలోంచి పిల్లలు వచ్చేసరికి చేలో కాపలాదారు ఒక్కడూ ఉండడు. ఒక్కో ఆడదోమ వందల గుడ్లు పెడుతుంది. నెల తిరిగేసరికి మరో తరం సిద్ధం.

ఈ లెక్కలు పుస్తకాల్లోనే ఉండిపోలేదు. దోమపోటుతో బాగా నష్టపోయిన ఇండోనేషియా 1986లో 57 రకాల పురుగుమందులను వరిపై వాడరాదని నిషేధించింది. ఆ తర్వాత అక్కడి రైతులే పొలం బడుల్లో కూర్చుని దోమలనూ సాలీళ్లనూ లెక్కపెట్టడం నేర్చుకున్నారు.

మన గోదావరి జిల్లాల్లోనూ దోమపోటు తక్కువేమీ కాదు. మార్టేరు వరి పరిశోధన కేంద్రం దాన్ని తట్టుకొనే విజేత వంటి రకాలను అందించింది. నాట్లలో రెండు మీటర్లకొకటి చొప్పున కాలిబాట వదలమని చెప్పేది కూడా దుబ్బుల మొదళ్లకు గాలీ వెలుతురూ తగలాలనే.

ఈసారి చేనికి వెళ్లినప్పుడు ఒక దుబ్బును మెల్లగా విడదీసి మొదట్లో చూడండి. కొత్తగా మందు చల్లిన చేలోకి మాత్రం దిగవద్దు. పది దుబ్బులు చూసి, దోమలెన్నో ఒక వరుసలో, సాలీళ్లెన్నో మరో వరుసలో నోటుపుస్తకంలో రాసుకోండి. వారం తర్వాత అదే చేలో మళ్లీ లెక్కపెట్టండి.