చిరునామా లేని వార్త

దినపత్రిక చివరి పేజీ అడుగున, కంటికి ఆనీ ఆనని సన్నని అక్షరాల్లో ఒక పంక్తి ఉంటుంది. ముద్రించినదెవరు, ప్రచురించినదెవరు, ఏ ఊళ్లో అచ్చయింది, సంపాదకుడెవరు అన్న వివరాలు అందులో ఉంటాయి. సాధారణంగా పాఠకులు దాన్ని చదవరు. కాని పత్రికలకూ రాజకీయాలకూ ఉన్న సంబంధం ఈనాడు ఎట్లా మారిందో అర్థం చేసుకోవాలంటే ఆ పంక్తి దగ్గరే మొదలుపెట్టాలి.

దాన్ని తప్పనిసరి చేసింది 1867 నాటి ప్రెస్సు, పుస్తకాల రిజిస్ట్రేషన్ చట్టం. అప్పటికి 1857 తిరుగుబాటు జరిగి పదేళ్లయింది. అచ్చయ్యే ప్రతి కాగితం మీదా కన్ను వేసి ఉంచడం వలస ప్రభుత్వానికి అవసరమయింది. 1878లో దేశభాషా పత్రికల చట్టం తెచ్చి, ఇంగ్లీషు పత్రికలను వదిలి మన భాషల పత్రికలనే కట్టడి చేసినప్పుడు ఆ కన్ను ఎవరి మీద ఉన్నదో తేటతెల్లమయింది. అయితే పాలకులు నిఘా కోసం వేయించిన పేరే క్రమంగా పాఠకుడికి ఆధారమయింది. ఈ మాట అన్నదెవరు, ఎవరి ప్రయోజనం కోసం అన్నారు అని నిలదీయడానికి ఒక చిరునామా దొరికింది.

చిరునామా ఉన్నంత మాత్రాన అచ్చుపత్రిక స్వతంత్రంగా బతికిందని కాదు. న్యూస్‌ప్రింట్ కోటాలు ప్రభుత్వం చేతిలో ఉండేవి. పేజీలు పదికి మించరాదన్న ఆంక్షను 1972లో సుప్రీంకోర్టు కొట్టివేయవలసి వచ్చింది. 1975 జూన్‌లో ఎమర్జెన్సీ విధించిన రాత్రి ఢిల్లీలో పత్రికల ప్రెస్సులకు కరెంటు తీసేశారు. పెట్టుబడి ఒత్తిడి సరేసరి. 2009 ఎన్నికల్లో అభ్యర్థుల దగ్గర డబ్బు తీసుకుని ప్రకటనలనే వార్తలుగా అచ్చువేసిన వ్యవహారం మీద ప్రెస్ కౌన్సిల్ ఇద్దరు సభ్యుల ఉపసంఘాన్ని వేసింది. 2010లో కౌన్సిల్ దాని నివేదికను కుదించి విడుదల చేసింది. పూర్తి పాఠం బయటికి రావడానికి 2011 దాకా, సమాచార హక్కు చట్టం ద్వారా పోరాడవలసి వచ్చింది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ‘పెయిడ్ న్యూస్’ను నిరూపించగలిగింది కత్తిరించి దాచిన కాగితాలతో. ఏ తేదీన, ఏ పేజీలో, ఏ శీర్షిక కింద ఏం వచ్చిందో వేలు పెట్టి చూపగలిగారు. 1982 మార్చిలో పుట్టిన తెలుగుదేశం 1983 జనవరిలో అధికారానికి రావడంలో ‘ఈనాడు’ పాత్ర ఎంత అన్న చర్చ నేటికీ సాగుతున్నది. ఎవరి అభిప్రాయం ఏదైనా, ఆ సంచికలు ఉన్నాయి గనకనే చర్చ సాధ్యమవుతున్నది. విమర్శకు రెండు కావాలి: అందరి ముందూ ఉన్న ఒకే పాఠం, దానికి జవాబుదారీగా ఒక పేరు.

డిజిటల్ మాధ్యమం ఈ రెంటినీ కదిలించింది. ఫోను తెర మీద నాకు కనిపించే వార్తల వరస నా పొరుగువాడికి కనిపించదు. ఎవరు ఎంతసేపు దేని దగ్గర ఆగారో లెక్కగట్టి, యంత్రం ఎవరి వరస వారికి పేరుస్తుంది. ఒకప్పుడు సంపాదకుడు చేసిన ఎంపికను ఇప్పుడు కంపెనీ చేస్తున్నది. అయినా అది తనను సంపాదకుణ్నని ఒప్పుకోదు, మధ్యవర్తినని అంటుంది. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం 79వ సెక్షన్ మధ్యవర్తికి రక్షణ ఇస్తుంది. ఆ రక్షణకు చెప్పిన షరతుల్లో గ్రహీతను ఎన్నుకోకపోవడం, సమాచారాన్ని ఎన్నుకోకపోవడం కూడా ఉన్నాయి. కాని ఏ మాట ఎవరికి చేర్చాలన్న ఎంపికే ఆ కంపెనీల వ్యాపారానికి మూలాధారం. ఈ వైరుధ్యాన్ని చట్టం ఇంకా పరిష్కరించలేదు.

రాజకీయ నాయకుడికి ఇది బాగా కలిసివచ్చింది. విలేకరుల సమావేశంలో ఎదురుప్రశ్న ఉంటుంది. తన సొంత ఖాతాలో ఆ బెడద లేదు. విలేకరి ప్రశ్న అడిగే స్థానం నుంచి, నాయకుడు పెట్టిన వాక్యాన్ని తిరిగి రాసే స్థానానికి జారుతున్నాడు.

వాట్సాప్‌లో తిరిగే మాటకు ఆమాత్రం చిరునామా కూడా లేదు. 2018 జూలైలో హైదరాబాదు నుంచి బీదర్ జిల్లాకు వెళ్లిన యువకులను పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లని అనుమానించి గుంపు దాడి చేసింది. ఒకరు చనిపోయారు. ఆ ఏడాది అలాంటి పుకార్లతోపాటు తిరిగిన ఒక వీడియో నిజానికి పాకిస్తాన్‌లో పిల్లల భద్రత గురించి తీసిన ప్రచారచిత్రం. బిడ్డను తిరిగి దించేసి, హెచ్చరిక చూపించే చివరి భాగాన్ని ఎవరో కత్తిరించారు. అదే నెలలో వాట్సాప్ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి అయిదుగురికి లేదా అయిదు గ్రూపులకు మించి పంపకుండా పరిమితి పెట్టింది. వేగం తగ్గింది. కత్తిరించినదెవరన్న ప్రశ్న అట్లాగే మిగిలింది.

ప్రభుత్వాలు కూడా కొత్త పాఠం నేర్చుకున్నాయి. 1975లో కరెంటు తీసినట్టే 2019 ఆగస్టులో కాశ్మీరులో ఇంటర్నెట్ తీసేశారు. శ్రీనగర్‌లో ప్రభుత్వం ఏర్పాటు చేసిన కేంద్రంలో కొద్దిపాటి కంప్యూటర్ల కోసం విలేకరులు వరసలో నిలబడవలసి వచ్చింది. ‘కాశ్మీర్ టైమ్స్’ సంపాదకురాలు అనురాధా భాసిన్ వేసిన కేసులో 2020 జనవరి 10న సుప్రీంకోర్టు, ఇంటర్నెట్‌ను నిరవధికంగా ఆపడం కుదరదనీ ఆంక్షల ఉత్తర్వులను ప్రచురించాలనీ చెప్పింది. ఉత్తర్వు ప్రచురించమనడమంటే అధికారాన్ని చిరునామా ఇవ్వమనడమే.

పాత అచ్చుయంత్రానికి తిరిగి వెళ్లడం దీనికి పరిష్కారం కాదు. పెద్ద పత్రికల్లో చోటు దొరకని మనుషులు ఈ కొత్త మాధ్యమంలో గొంతు విప్పారు. 2002లో చిత్రకూట్‌లో గ్రామీణ స్త్రీలు అచ్చుపత్రికగా ప్రారంభించిన ‘ఖబర్ లహరియా’ డిజిటల్ రూపంలోకి మారి మరింతమందికి చేరింది. తమ పేరు, తమ ఊరు చెప్పి మాట్లాడుతున్నారు గనక వాళ్ల వార్తకు బలం ఉంది.

సాహిత్య విద్యార్థులకు ఈ పరిస్థితి పూర్తిగా కొత్తది కాదు. కర్త తెలియని పద్యాలు, పాఠాంతరాలు, ప్రక్షిప్తాలు మనకు పరిచితమే. వేమన పద్యాలను 1829లో అచ్చువేయడానికి ముందు బ్రౌన్ ప్రతులు సేకరించి ఒకదానితో ఒకటి సరిచూశాడు. ఎక్కడ చేరింది, ఎక్కడ తెగింది, మూలం ఏది అన్న ఆ ప్రశ్నలనే ఇవాళ ఫోనులోకి వచ్చే ప్రతి వాక్యానికీ వేయాలి. తెర మీద మాయమయ్యే పాఠాన్ని తేదీతో సహా భద్రపరచాలి. పదిమంది తెరలను పక్కపక్కన పెట్టి పోల్చాలి. మనం రాసే ప్రతి మాట కింద మన పేరు, ఊరు ఉండాలి. ఎంపిక చేసే కంపెనీని కూడా ఆ సన్నని అక్షరాల పంక్తి అడగడం ఇవాళ రచయితల కనీస కర్తవ్యం.