పెట్టె ముందు పాకే ఈగ

గుండుగొలను దగ్గర హైవే దిగి ఉత్తరానికి తిరిగితే ద్వారకాతిరుమల వైపు మెట్ట: పామాయిల్, కోకో, మొక్కజొన్న. దక్షిణానికి దిగితే వరి, చేపల చెరువులు, ఆపైన కొల్లేరు. మనకవి రెండు వేర్వేరు సీమలు. మేతకోసం రెండు మూడు కిలోమీటర్లు అవలీలగా తిరిగే తేనెటీగకు రెండూ ఒకే పెరడు. అందుకే ఇక్కడి కొబ్బరితోటలో పెట్టిన పెట్టెకు జబ్బు చేస్తే, అది ఏ దిక్కు నుంచి వచ్చిందో తేల్చడం అంత తేలిక కాదు.

పొద్దున ఏడింటికి పెట్టె గుమ్మం పక్కన పీట వేసుకుని కూర్చోండి. ఎదురుగా వద్దు, ఈగల దారికి అడ్డం. బాగున్న పట్టులో ఈగలు రివ్వున పోతుంటాయి, కాళ్లకు పుప్పొడి ముద్దలతో వచ్చి వాలుతుంటాయి. జబ్బు పట్టులో కొన్ని గుమ్మం మీంచి జారి నేలన పడతాయి. పాక్కుంటూ గడ్డిపరక ఎక్కి, ఎగరబోయి మళ్లీ పడతాయి. అది చూసి ఎవరైనా మొదట అనే మాట ఒకటే: "ఎవరో మందు కొట్టారు."

ఆ అనుమానానికి కారణం లేకపోలేదు. 2018లో కత్తెర పురుగు మన దేశంలో అడుగుపెట్టినప్పటి నుంచీ మొక్కజొన్నకు మందుల పిచికారీ ఎక్కువైంది. దానికి కొట్టే ఎమామెక్టిన్ బెంజోయేట్ తేనెటీగ పాలిట విషమే. మొక్కజొన్నలో మకరందం ఉండదు కానీ పుప్పొడికోసం ఈగలు పొద్దున్నే వాలతాయి. రైతు పంపు భుజానికెత్తేదీ ఆ చల్లపూటే. అయితే మందు దెబ్బ తీరు వేరు. ఒకటి రెండు రోజుల్లోనే గుమ్మం ముందు గుట్టగా చచ్చి పడతాయి. చాలావాటికి నాలుక బయటికి వేలాడుతుంది, కొన ఊపిరితో ఉన్నవి బొంగరంలా తిరుగుతుంటాయి. రెక్కలు మాత్రం నిండుగానే ఉంటాయి.

కాబట్టి పాకే ఈగను పట్టి రెక్క చూడాలి. అంచులు పీలికలైతే అది ముసలిది. మేత జోరుగా ఉన్న రోజుల్లో కూలి ఈగ ఆరు వారాలే బతుకుతుంది, చివరి వారాలు ఎండలో తిరిగి రెక్క అరగదీసుకుంటుంది. దానికి వైద్యం లేదు, అక్కర్లేదు కూడా. కాళ్లకూ రెక్కలకూ పట్టుదారాలు చుట్టుకుని ఉంటే మైనపు చిమ్మట పని. పొట్ట కురచై, రెక్కలు ఎండిన ఆకుల్లా ముడుచుకుపోయిన లేత ఈగ కనిపించిందా, గాయం పొలంలో తగల్లేదు. మూతవేసిన గదిలో, ఇంకా ప్యూపాగా ఉన్నప్పుడే తగిలింది.

శాస్త్రవేత్తలు దీనికి డిఫార్మ్డ్ వింగ్ వైరస్ అని పేరు పెట్టారు. 1980ల మొదట్లో జపాన్ ఈగల్లో గుర్తించారు. దీన్ని ఈగ ఒంట్లోకి ఎక్కించేది వరోవా అనే నల్లి. హవాయి దీవుల్లో ఆ నల్లి చేరకముందు పది పట్టుల్లో ఒకదానిలో ఉన్న వైరస్, చేరాక దాదాపు అన్నిట్లోకీ పాకిందని 2012లో తేల్చారు.

వరోవా ఆసియాదే. మన నాటు తేనెటీగతో దానిది పాత కాపురం. ఈగలు ఒకదాన్నొకటి దువ్వుకుని నల్లిని దులిపేస్తాయి, నల్లి కూడా పోతుటీగల గదులతోనే సరిపెట్టుకుంటుంది. 1960ల్లో హిమాచల్‌లోని నగ్రోటాలో నిలదొక్కుకున్న ఇటాలియన్ ఈగకు ఆ విద్య అబ్బలేదు. 2004-05లో ఉత్తరాదిన దాని పట్టులు వరోవాకు పెద్దయెత్తున బలయ్యాయి. అలాగని నాటు ఈగకు గండాలు లేవని కాదు. 1990ల మొదట్లో థాయ్ శాక్‌బ్రూడ్ వైరస్ దక్షిణాదిలో వాటిని చాలామటుకు తుడిచిపెట్టింది. అందులో పురుగు దశలోనే నీళ్లతిత్తిలా మారి చస్తుంది. రెక్క వచ్చేదాకా ప్రాణం ఆగదు.

మన దగ్గర ఇంకో చిక్కుంది. వాటర్ ట్యాంకుల కింద, పెద్ద చెట్ల కొమ్మలకు వేలాడే కొండతేనె పట్టుల నుంచి ట్రోపిలేలాప్స్ అనే మరో నల్లి ఇటాలియన్ పెట్టెల్లోకి దిగుతుంది. రెక్కల్ని అదీ ఇలాగే వంకర చేస్తుంది. వరోవా బుల్లి ఎండ్రకాయలా అడ్డంగా వెడల్పు, ఈగ పొట్టకు అతుక్కుని ఉంటుంది. రెండోది సన్నగా నిలువుగా, ఎర్రగా ఉండి ఫ్రేము మీద చకచకా పరుగెడుతుంది. పిల్ల పురుగులు దొరక్కపోతే రెండు మూడు రోజులకు మించి బతకదు. రాణిని పంజరంలో పెట్టి కొన్ని వారాలు గుడ్లు ఆపించడం దానికి మంచి దెబ్బ.

వరోవా లెక్కకు ఇంట్లో ఉన్న సామానే చాలు. అరకప్పు ఈగలు, అంటే దాదాపు 300, జల్లెడ మూత బిగించిన సీసాలో వేయాలి. వాటిలో రాణి లేదని రెండుసార్లు చూసుకోవాలి. పైనుంచి రెండు చెంచాల పంచదార పొడి చల్లి, సీసాను మెల్లగా దొర్లించి, తెల్ల పళ్లెంలోకి బోర్లించి ఊపాలి. రాలిన నల్లులు వందకు మూడు దాటితే ఊరుకోకూడదు. వైరస్‌కు మందు లేదు, నల్లిని తగ్గించడమొక్కటే దారి. ఫార్మిక్ ఆమ్లం పనిచేస్తుంది గానీ ఏలూరు మే నెల ఎండలో పెడితే ఆవిరి ఒక్కసారిగా లేచి పిల్లల్నీ, ఒక్కోసారి రాణినీ చంపుతుంది. మోతాదుకోసం పక్కవాడి సలహా కంటే వెంకట్రామన్నగూడెం ఉద్యాన విశ్వవిద్యాలయం దాకా వెళ్లడం నయం.

ఇంకా సందేహముంటే ఉబ్బెత్తు మూతలున్న పోతుటీగల గదులు ఓ పది ఎంచుకుని, సూదితో మూత తీసి, ప్యూపాను బయటికి లాగండి. నల్లి ఉంటే, పాలలా తెల్లనైన ఆ ఒంటి మీద ఎర్రటి చుక్క మెల్లగా కదులుతుంది.