ఇమేజ్ సెన్సర్

కటకము గుండా వచ్చిన కాంతిని విద్యుత్ సంకేతములుగా మార్చే అర్ధవాహక చిప్‌ను ఇమేజ్ సెన్సర్ అంటారు. డిజిటల్ కెమేరాలో ఇది ఫిల్ము చేసే పని చేస్తుంది. సీసీడీ మరియు సీమాస్ అనునవి ఇందులో ముఖ్యమైన రకములు.

చరిత్ర

1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో విల్లార్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ సీసీడీని రూపొందించారు. ఇందుకు 2009లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతిలో సగభాగము వారికి లభించినది. 1975లో కొడాక్ ఇంజనీరు స్టీవెన్ శాసన్ 100 × 100 బిందువుల సీసీడీకి సినిమా కెమేరా కటకమును, క్యాసెట్ టేపును జతచేసి డిజిటల్ కెమేరాను నిర్మించాడు. ఒక్క చిత్రము టేపుపై నమోదగుటకు 23 సెకనులు పట్టేది. అదే సంవత్సరము వెలువడిన సైక్లోప్స్ కెమేరాలో కంప్యూటరు మెమరీ చిప్‌నే 32 × 32 బిందువుల సెన్సరుగా వాడారు.

స్వయముగా కెమేరా తయారీ

సెన్సరును ఇంటిలో తయారుచేయుట సాధ్యము కాదు. దానికి ధూళిలేని కర్మాగారము అవసరము. కావున జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వంటి పట్టణముల విద్యార్థులకు పాత పరికరములే సులభమైన ఆధారము.

* వెబ్‌క్యామ్: సెన్సరు, కటకము, యూఎస్‌బీ వలయము కలిసియే ఉంటాయి. ప్రారంభమునకు ఇదే అనుకూలము.
* స్కానరు: ఇందులోని సెన్సరుకు బిందువులు పొడవునా వరుసగా మాత్రమే ఉంటాయి. పూర్తి చిత్రము కొరకు దానిని క్రమముగా జరపవలెను.
* పాత డిజిటల్ కెమేరా: ఆపివేసిన తరువాత కూడా ఫ్లాష్ కెపాసిటరులో సుమారు 300 వోల్టులు నిలిచి ఉండవచ్చు. అనుభవజ్ఞుల సహాయము లేనిదే విప్పరాదు.

విడి సెన్సరు దొరికినను, దాని పిన్నుల వివరములు తెలిపే డేటాషీటు లేనిచో అది దాదాపు నిరుపయోగము. కావున ముందు డేటాషీటు లభ్యతను చూసి, పిమ్మట సెన్సరును ఎంచుకొనవలెను.