సమాసం ఎక్కడ విరుగుతుంది?

పాటలు కట్టేవాళ్ళూ, సభల్లో కవిత చదివేవాళ్ళూ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. కాగితం మీది అక్షరం వేరు, నోటి అక్షరం వేరు.

జైనూర్ మండలంలోని మార్లవాయి పేరే తీసుకుందాం. 1943లో హైమన్‌డార్ఫ్ పూనికతో గోండు ఉపాధ్యాయుల శిక్షణ మొదలైన ఊరది. లిపి దాన్ని ‘మా-ర్ల-వా-యి’గా విడగొడుతుంది. నోరు ‘మార్-ల-వా-యి’ అంటుంది. సంయుక్తాక్షరంలోని మొదటి హల్లు తన ముందున్న అచ్చుతోనే కలిసి పలుకుతుంది. ఆ అచ్చు హ్రస్వమైనా గురువు కావడానికి కారణం ఇదే.

పదాల సరిహద్దు దీనికి అడ్డు పడుతుంది. ‘మన ప్రజలు’ అన్నప్పుడు ‘న’ లఘువే. ‘ఉద్యమప్రస్థానం’ అనే సంస్కృత సమాసంలో సరిహద్దు చెరిగి ‘మ’ గురువవుతుంది.

నార్వేజియన్‌లో ఈ సరిహద్దును ఊనిక, అంటే నొక్కి పలకడం, తెలుపుతుంది. ‘లమ్మెలోర్’ను ఒకే మాటగా, మొదటి భాగాన్ని ప్రధానంగా నొక్కి పలికితే గొర్రెపిల్ల తొడమాంసం. రెండు మాటలుగా, రెంటినీ నొక్కి పలికితే చచ్చుబడ్డ తొడలు. తెలుగులో ఊనిక అర్థాన్ని మార్చదు. కల, కాల, కల్ల అనే మాటల్లో ఆ పని చేసేది పలికే కాలమే.

అందుకే సంస్కృత సమాసాలను వరసగా పేర్చితే గురువులు గుట్టపడతాయి, దరువు తడబడుతుంది. చదువురాని శ్రోతకు పదాల మధ్య ఖాళీ కనిపించదు. ఇంట గోండి, బడిలో తెలుగు వినే పిల్లవాడి ఇబ్బందీ అదే. ప్రజల కోసం రాశామనుకునే ముందు పంక్తిని పైకి చదివి, వాళ్ళకు వినిపించి, తడబడిన చోట దిద్దుకోవాలి.