ఆడపిల్లల నెలసరి: తల్లులు గమనించవలసినవి

పాలవాడు రాని రోజున గోడమీది క్యాలెండర్లో సున్నా చుట్టడం మనం మరచిపోము. గ్యాసు బండ ఎప్పుడు మార్చామో అదీ రాసి ఉంటుంది. కాని "అమ్మాయికి కిందటిసారి బహిష్టు ఎప్పుడు వచ్చిందమ్మా?" అని డాక్టరు అడిగితే మాత్రం తల్లీ కూతురూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. "సరిగా రావడం లేదండీ" అన్నదొక్కటే జవాబు.

సరిగా అంటే ఏమిటి? బహిష్టు మొదలైన రోజునుంచి మళ్ళీ వచ్చే బహిష్టు మొదటి రోజుదాకా లెక్కపెట్టాలి. 2వ తారీకున వచ్చి, అదే నెల 28న మళ్ళీ వస్తే "నెలకు రెండుసార్లు" అని కంగారుపడతారు. లెక్క వేస్తే 26 రోజులు. అందులో తప్పేమీ లేదు. పెద్దమనిషి అయిన మొదటి రెండు మూడేళ్ళు 21 నుంచి 45 రోజుల మధ్య ఎప్పుడు వచ్చినా మామూలే. మెదడులోని గ్రంథి పంపే సంకేతాలకు అండాశయాలు అలవాటు పడడానికి ఆపాటి కాలం పడుతుంది.

దీనికి ఇంట్లో చేసే వైద్యాలు చాలానే ఉన్నాయి. నువ్వులు, బెల్లం దంచి చిమ్మిలి పెడతారు. పెట్టండి, రుచికీ బలానికీ మంచిదే. తారీకును మాత్రం అది సరిచేయదు. పెళ్ళయితే సర్దుకుంటుందన్న మాట అసలు నమ్మవద్దు. వ్రతానికనీ, పెళ్ళికనీ మందుల షాపులో వాయిదా మాత్రలు కొని మాటిమాటికీ మింగించి, ఆ తర్వాత తేదీ తప్పిందని బాధపడేవారిని ఏమనాలి?

ఆ మధ్య ఇంటరు చదివే అమ్మాయి కాలేజీలో కళ్ళు తిరిగి పడిపోతే నా దగ్గరికి తీసుకొచ్చారు. హిమోగ్లోబిన్ కనీసం 12 గ్రాములైనా ఉండాలి, ఆ పిల్లకు 6 ఉన్నది. అడగ్గా అడగ్గా చెప్పింది, నెలనెలా తొమ్మిది పది రోజులు పోతుందనీ, గంటకో గంటన్నరకో ప్యాడ్ మార్చవలసి వస్తుందనీ. వాళ్ళమ్మ తేలిగ్గా, "నాకూ అంతేనండీ, మా ఇంటి ఆడవాళ్ళందరికీ ఇంతే" అన్నది. ఆవిడ ధైర్యం కోసం చెప్పిన ఆ మాటే నాకు అనుమానం కలిగించింది. పన్ను పీకించుకున్నప్పుడు రక్తం వెంటనే ఆగిందా అని అడిగాను. రోజంతా కారిందట! రక్తం త్వరగా గడ్డకట్టని లోపం కొన్ని కుటుంబాల్లో తరతరాలుగా వస్తుంది. పరీక్ష చేయిస్తే తల్లీకూతుళ్ళిద్దరికీ అదే తేలింది. దీనికి మందులున్నాయి. ఆ తల్లి మాత్రం పాతికేళ్ళు ఊరికే భరించింది.

అందుచేత 7 రోజులు దాటి పోతున్నా, గంటా రెండు గంటలకే ప్యాడ్ తడిసిపోతున్నా "మనింట్లో ఇంతే" అని ఊరుకోకండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-19 ఏళ్ళ ఆడపిల్లల్లో నూటికి 59 మంది రక్తహీనులే. అసలే తక్కువగా ఉన్న రక్తం ఇలా పోతుంటే చదువు తలకెక్కుతుందా?

రాకపోవడం సంగతీ చూడాలి. 15 ఏళ్ళు నిండినా పెద్దమనిషి కాకపోయినా, 13 దాటినా రొమ్ముల ఎదుగుదల మొదలుకాకపోయినా చూపించాలి. మొదలయ్యాక 90 రోజులు ఒక్కసారి రాకపోయినా అంతే. పెళ్ళయిన అమ్మాయి అయితే ముందు గర్భపరీక్ష చేయించాలి. గడ్డం మీద వెంట్రుకలు, తగ్గని మొటిమలు, పెరిగే బరువు దీనికి తోడైతే అండాశయాలకు సంబంధించిన హార్మోన్ల తేడా కావచ్చు. థైరాయిడ్ కావచ్చు. సన్నబడాలని తిండి మానేసినా బహిష్టు ఆగిపోతుంది.

పెళ్ళికాని పిల్లను లోపల పరీక్ష చేస్తారేమోనని చాలామంది జంకుతారు. మామూలుగా ఆ అవసరం రాదు. నీళ్ళు బాగా తాగించి పొట్టమీదనుంచే స్కానింగు తీస్తారు. క్యాలెండరులో మీరు గుర్తుపెట్టిన తేదీలు వెంట తీసుకెళ్ళండి. అమ్మాయితో కాసేపు విడిగా మాట్లాడతానని డాక్టరు అంటే, ఏమీ అనుకోకుండా బయట కూర్చోండి.